తీసేసినవి ఎక్కడికి పోతాయి

మూడో అంతస్తులో ఆ ఇంటి ముందుగదికి ఒకటే కిటికీ. కిటికీ పక్కన బల్ల, బల్ల కింద నల్లటి కంప్యూటర్ పెట్టె. మనుషులకైతే పింఛను తీసుకునే వయసు దానిది. ఆన్ చేయగానే ముందు ఒకసారి మూలుగుతుంది. తర్వాత లోపలి ఫ్యాను గరగరమంటుంది. ఆపైన కాసేపు, ఎవరో గోళ్ళతో రేకు డబ్బా గీకుతున్నట్టు హార్డ్ డిస్క్ చప్పుడు. ఆ చప్పుళ్ళన్నిటికీ అలవాటు పడిపోయి ఒకావిడ రోజూ పొద్దున్న తొమ్మిదింటికి దాని ముందు కూర్చునేది, సాయంత్రం ఆరింటికి లేచేది.

బిల్డింగులో అందరూ ఆమెని కొత్తమ్మాయి అనేవాళ్ళు. వచ్చి పదకొండు నెలలైంది, వయసు ముప్ఫై ఆరు దాటింది, అయినా ఆ కొత్తా పోలేదు, ఆ అమ్మాయీ పోలేదు. ఆమె తర్వాత దిగిన కింది అంతస్తువాళ్ళు అప్పుడే పాతవాళ్ళైపోయారు. పేరు అడిగి తెలుసుకునే తీరిక ఎవరికుంది గనక! ఆమె కూడా ఏమీ అనుకోలేదు. అసలు ఏ విషయానికైనా ఏమైనా అనుకోవడం ఆమె మానేసి చాలా రోజులైంది. ఎవరైనా నవ్వితే నవ్వేది, ఎవరింట్లోనైనా చావు కబురు వింటే అయ్యో అనేది. రెండూ పెదవుల వరకే.

ఆమె పని, కంప్యూటర్ వాడే జనానికొచ్చే సందేహాలకి తెలుగులో జవాబులు రాయడం. కంపెనీవాళ్ళు రోజుకొక ప్రశ్న పంపిస్తారు, ఈమె జవాబు రాసి సాయంత్రానికి పంపించాలి. ఈ పని చేసేవాళ్ళలో చాలామంది ఎవరో రాసింది చూసి అటూ ఇటూ తిప్పి దించేస్తారు. ఈమెకి అది ససేమిరా గిట్టదు. తను చేసి చూడకుండా ఒక్క ముక్క రాయదు. 'ఇక్కడ నొక్కండి' అని రాయాలంటే ముందు తన వేలితో తను నొక్కి, ఏమవుతుందో కళ్ళారా చూడాల్సిందే. మొండితనం అనండి, చాదస్తం అనండి, ఆమెకి మిగిలిన పట్టుదల అదొక్కటే.

ఆ రోజు వచ్చిన ప్రశ్న ఇదీ: 'సిస్టమ్ రిస్టోర్‌ని ఆన్‌లో ఉంచుకోవడం మంచిదా, ఆపేసుకోవడం మంచిదా?'

పొద్దున్నే మొదలుపెట్టింది. "కంప్యూటర్ బాగా పనిచేస్తున్న ఒక రోజున అది ఎలా ఉందో గుర్తు పెట్టుకుంటుంది. ఆ గుర్తునే రిస్టోర్ పాయింట్ అంటారు. తర్వాత ఏదైనా చెడిపోతే, ఆ గుర్తు దగ్గరికి వెనక్కి తీసుకెళ్తుంది. ఆ రోజు తర్వాత వచ్చిన ప్రోగ్రాములు పోతాయి. ఆ రోజు ఉండి, తర్వాత పోయినవి తిరిగి వస్తాయి. మీ సొంత ఫైళ్ళ జోలికి మాత్రం పోదు." ఇంతవరకు కలం... కాదులెండి, కీబోర్డు సాఫీగానే సాగింది. తర్వాత, చదివేవాడికి వచ్చే అనుమానం ఒకటి తనే వేసుకుంది. తీసేసినవి ఎక్కడికి పోతాయి? 'ఎక్కడికీ పోవు. అంతే, ఉండవు' అని రాసింది. రాసి, తుడిపేసింది. తెలియని సంగతి తెలిసినట్టు రాయడం ఆమెకి చేతకాదు. సరే, ముందు వంట కానిచ్చి తర్వాత చేసి చూద్దాం అని లేచి, కూర దించి మూత పెట్టింది. ఉప్పు వేశానో లేదో గుర్తు రాలేదు. ఇంకోసారి వేసింది.

ఆమెకి ఉప్పు తెలియదు. నాలుక మీద వేసుకున్నా తెలియదు.

ఇంటాయనకి బజారు చివర కళ్ళజోళ్ళ షాపుంది. గట్టిగా మాట్లాడితే అద్దాలు పగులుతాయేమో అన్నట్టు మాట్లాడే మనిషి. ఉప్పు లేని కూరా, ఉప్పు కషాయమైన కూరా ఆయన ఒకేలా తింటాడు. ఆమె నొచ్చుకుంటే, "అలవాటవుతుందిలే" అంటాడు. ఎవరికి, ఏది అలవాటవుతుందో ఆమె అడగలేదు.

మొదటి భార్య పోయి రెండేళ్ళయిందని చెప్పింది ఆయనే. ఆవిడా ఇదే పని చేసేదట, ఇదే కంపెనీకి, ఇదే పెట్టె మీద. ఖాళీ అయిన కుర్చీలోకి కొత్తమ్మాయి వచ్చింది, ఇంట్లోనూ పనిలోనూ. పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో రెండు సంతకాలతో అయిపోయిందని ఆయనంటాడు, ఈమె తలూపుతుంది. తన చిన్నతనం గురించి ఎవరైనా కదిపితే, ఎప్పుడో చదివిన పాఠం అప్పజెప్పినట్టు నాలుగు ముక్కలు చెప్పి ఊరుకుంటుంది. కళ్ళకి కట్టినట్టు గుర్తున్న మొదటి రోజు ఈ ఇంట్లోదే. పోయిన ఆగస్టు ఇరవై. కళ్ళు తెరిచేసరికి నేలమీద పరుపు, చుట్టూ తాళ్ళు విప్పని అట్టపెట్టెలు. ఏ సామానూ సర్దలేదు గానీ కంప్యూటర్ మాత్రం అప్పటికే బిగించి ఉంది, ఆన్‌లో ఉంది. ఆయన పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే ఒక డబ్బాలోంచి కళ్ళజోడు తీసి ఆమెకి పెట్టాడు. పరీక్ష లేదు, కొలత లేదు. ముక్కుకి రెండువైపులా అప్పటికే ఉన్న నొక్కుల్లో అది చక్కగా కూర్చుంది. కళ్ళజోళ్ళాయన పెళ్ళానికి ఆ మాత్రం వైభోగం ఉండొద్దూ అని తర్వాత తనలో తనే నవ్వుకుంది.

ఆయన అక్కగారొకావిడ ఉంది. నెలకోసారి వస్తుంది, గుమ్మం దాటి లోపలికి రాదు, మంచినీళ్ళు కూడా ముట్టదు. ఈమె ముఖం వైపు చూడకుండా, ఏం చెప్పినా ఈమె భుజం మీదుగా వెనక గోడకి చెబుతుంది. పోయిన మరదలంటే ప్రాణం కాబోలు, ఆ చోట్లో ఇంకో మనిషిని చూడలేకపోతోంది వదిన, అని కొత్తమ్మాయి సరిపెట్టుకుంది. కిందటి నెల ఆవిడ వెళ్ళిపోతూ మెట్ల మీద ఆగింది. వెనక్కి తిరగలేదు.

"ఇప్పుడెన్ని వేళ్ళు?" అంది.

వేళ్ళ సంగతి డాక్టరుకి తప్ప కొత్తమ్మాయి ఎవరికీ చెప్పలేదు.

ఆ వేళ్ళ సంగతి ఏమిటంటే, ఆమె ఎడమచేతిలో ముందు చిటికెనవేలు మొద్దుబారింది. రెండు నెలలకి దాని పక్కది. ఆ తర్వాత మధ్యవేలు. సూది గుచ్చినా తెలియదు, వేడిగిన్నె అంటుకున్నా తెలియదు. డాక్టరు చూసి, టైపు చేయడం తగ్గించమన్నాడు. చిత్రమేమిటంటే మూడూ గురువారం నాడే జరిగాయి. గురువారం షాపుకి సెలవు. ఆ మూడు గురువారాల్లోనూ మధ్యాహ్నం తినగానే ఆమెకి కళ్ళు తెరవలేనంత నిద్ర ముంచుకొచ్చింది. లేచేసరికి చీకటి పడబోతోంది. ఆయన కంప్యూటర్ ముందు కుర్చీలో ఉన్నాడు. ఆశగా, పరీక్ష ఫలితం కోసం చూసేవాడిలా ఆమె ముఖంలోకి చూశాడు. "ఎలా ఉంది?" అన్నాడు. "ఏం ఎలా ఉంది?" అంటే మాట దాటేసి, టీ పెట్టడానికి లేచాడు.

ఆ మూడు రోజుల్లోనూ ఇంట్లోంచి ఒక్కో వస్తువు పోయింది. అన్నీ ఆమె కొనుక్కొచ్చినవే. మొదటిసారి నీలం రబ్బరు చెప్పులు. వాటిలో కుడికాలిది తడిస్తే చాలు, అడుగుకొకసారి కీచుమనేది. మెట్లెక్కుతుంటే రెండో అంతస్తు పిల్లలు తలుపులు తీసి నవ్వేవాళ్ళు. రెండోసారి కిటికీలో పెంచుకున్న మొక్క, కుండీతో సహా. మూడోసారి ఆకుపచ్చ కర్టెన్. కడ్డీ ఉంది, రింగులు ఉన్నాయి, గుడ్డ లేదు. పైగా ఆమె వచ్చిన కొత్తలో బయట పారేసిన పిడి విరిగిన కప్పు ఒకటి, బల్ల మీద మళ్ళీ కనిపించింది. ఆయన్ని అడిగితే, "నువ్వే ఎక్కడో పెట్టి ఉంటావు" అన్నాడు. ఆమె ఇల్లంతా వెతికింది. తర్వాత వెతకడం మానేసింది. తనదంటూ ఒక్క వస్తువు ఈ ఇంట్లో నిలిస్తే బాగుండునని మాత్రం లోపల ఎక్కడో ఉండేది. ఆ ఒక్క కోరికే ఆమెకి ఇంకా మొద్దుబారలేదు.

ఇక ఆ రిస్టోర్ సంగతి. పెట్టెలో జాగా నిండిపోయిందని తెర మీద రోజూ హెచ్చరిక వచ్చేది. ఆ రిస్టోర్ ఒకటి ఆపేస్తే బోలెడు ఖాళీ అవుతుందండీ అని ఒకరోజు ఆయనతో అంది. దేనికీ కాదనని మనిషి ఆ రోజు కాదన్నాడు.

"దాన్ని మాత్రం ముట్టుకోకు."

అంతే. కారణం చెప్పలేదు. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అలాంటిది, సరిగ్గా దాని మీదే కంపెనీవాళ్ళు ప్రశ్న పంపించారు. రాయాలంటే చేసి చూడాలి. చేసి చూడాలంటే ముట్టుకోవాలి. చూస్తే తప్పేముంది, చివరి మీట నొక్కకపోతే చాలుగదా, అనుకుంది.

మూడు దాటింది. కర్టెన్ లేని కిటికీలోంచి మబ్బు లోపలికే వచ్చినట్టు గది మసకబడింది. గాలి ఆగిపోయింది. కింద వీధిలో ఎవరో గబగబా షట్టరు దించుతున్నారు. తడిమట్టి వాసన, దాంతోపాటు పెట్టెలోంచి వేడెక్కిన దుమ్ము వాసన. మొదటి చినుకులు కిటికీ రేకు మీద పడుతుండగా ఆమె తెర మీద రిస్టోర్ పలక తెరిచింది.

పాయింట్ల జాబితాలో ఒకటే ఉంది.

అలా ఉండకూడదు. జాగా నిండేకొద్దీ యంత్రం పాతవాటిని చెరిపేసి కొత్తవి పెట్టుకుంటూ పోతుంది. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు. ఇక్కడ కొత్తవన్నీ పోయి, పాతది ఒక్కటి కదలకుండా కూర్చుంది. తేదీ పోయిన ఆగస్టు పదకొండు, మధ్యాహ్నం మూడు గంటలు. యంత్రం తనంతట తాను పెట్టుకునే పాయింట్లకి ముక్తసరి పేర్లుంటాయి. దీనికి మనిషి పేరు పెట్టారు. 'వానకి ముందు' అని ఉంది.

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టింది. తను ఈ ఇంట్లో కళ్ళు తెరవడానికి తొమ్మిది రోజుల ముందు. ఆవిడ పోయి రెండేళ్ళన్నారు. ఆయనకేమో కంప్యూటర్‌లో ఓనమాలు రావని తను అనుకుంటోంది. మరి ఆ రోజు మూడింటికి ఈ కుర్చీలో కూర్చున్నదెవరు?

దాని కిందే ఇంకో మీట ఉంటుంది. వెనక్కి వెళ్తే ఏమేం మారతాయో ముందుగా చూపించే మీట. చూడటమే, ఏదీ జరగదు. అదీ రాయాల్సిందే గనక నొక్కింది. డిస్క్ గీకడం మొదలుపెట్టింది. చాలాసేపు గీకింది. వాన పెద్దదైంది.

రెండు గళ్ళు తెరుచుకున్నాయి. పైగడిలో 'తీసివేయబడేవి' అని ఉంది. మొదటి వరసలో ఆమె వాడే టైపింగు ప్రోగ్రాము. బాగానే ఉంది. రెండో వరస చదివింది. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ చదివింది.

నీలం రబ్బరు చెప్పులు. వచ్చిన తేదీ. పక్కన, 'ఇప్పటికే తీసివేయబడింది'.

మొక్క, కుండీ. ఇప్పటికే తీసివేయబడింది.

ఆకుపచ్చ కర్టెన్. ఇప్పటికే తీసివేయబడింది.

ఆ తర్వాత గొడుగు. దువ్వెన. గోడ గడియారం. వీటి పక్కన ఏమీ లేదు. ఆమె తల ఎత్తి గోడకేసి చూసింది. గడియారం ఉంది, నాలుగు కావస్తోంది. ఇంకా ఉంది... అనుకుంది.

ఒళ్ళు జలదరించాలి. జలదరించలేదు. చెయ్యి మాత్రం దానంతట అదే జాబితాని కిందికి జరుపుతోంది. ఆమె ఒక్కదాని కోసమే వెతుకుతోంది. ఆగస్టు పదకొండు తర్వాత ఈ ఇంట్లోకి వచ్చినవన్నీ వరసగా ఉన్నాయి, సబ్బుపెట్టె, చీపురు కూడా ఉన్నాయి. అన్నిటికంటే ముందు వచ్చింది తనే కదా... తను ఎక్కడ?

జాబితా అయిపోయింది. తను లేదు.

ఇంకోసారి మొదటినుంచి చూసింది. లేదు. సొంతవాటి జోలికి పోదు అని పొద్దున తనే రాసిన మాట గుర్తొచ్చింది. అంటే తను మధ్యలో వచ్చిన సామాను కాదు. ఈ ఇంటి సొంతం. పదకొండు నెలల్లో మొదటిసారి ఆమెకి సంతోషమేసింది. నిజంగా వేసింది, గొంతు దగ్గర వెచ్చగా తెలిసింది. చెప్పులు పోతే పోనీ, కర్టెన్ పోతే పోనీ అనుకుంది పిచ్చిది.

అప్పుడు కిందిగడి చూసింది.

'తిరిగి వచ్చేవి. ఇవి వెనక్కి వచ్చాక సరిగా పనిచేయకపోవచ్చు' అని ఉంది. కింద ఒకటే వరస.

ఇంటావిడ. వచ్చిన తేదీ పన్నెండేళ్ళ కిందటిది.

వెచ్చదనం చప్పున ఆరిపోయింది. పన్నెండేళ్ళ కిందట ఈయన ఇంటికి వచ్చింది ఆవిడ, మొదటావిడ. ఆవిడ వెనక్కి వస్తుంది. ఆ ముట్టుకోవద్దనడం... ఆ గురువారాలు... ఆశగా చూడటం... అంతా ఇందుకా? తను వండిన ఉప్పు కషాయాన్ని నోరు మెదపకుండా తింటూ, లోపల ఆవిణ్ణి పిలుచుకుంటున్నాడా ఇన్నాళ్ళూ?

ఆవిడొస్తే... తనో?

కోపం వచ్చింది కాబోలు, ఆమెకే సరిగా తెలియలేదు. లేచి నిలబడలేదు, ఏడవలేదు. ఆ పలక మూసి, దాని పక్క పలక తెరిచింది. ఆన్, ఆఫ్ అని రెండు చుక్కలు. ఆఫ్ నొక్కింది. హెచ్చరిక వచ్చింది. 'ఉన్న రిస్టోర్ పాయింట్లన్నీ చెరిగిపోతాయి. దీన్ని మళ్ళీ వెనక్కి తీసుకోలేరు. సరేనా?'

డిస్క్ చప్పుడు ఆగిపోయింది. ఫ్యాను కూడా. పెట్టె ఆన్‌లో ఉండగా అంత నిశ్శబ్దంగా ఉండటం ఆమె ఎప్పుడూ వినలేదు. వాన ఒక్కటే. పెట్టె వింటోంది...

కుడిచేతి చూపుడువేలితో, స్పర్శ ఉన్న వేలితో, సరే నొక్కింది.

ఏమీ కాలేదు. జాబితా ఖాళీ అయింది, అంతే. జాగా చాలదన్న హెచ్చరిక కూడా తెర మీద నుంచి పోయింది.

గుమ్మంలో తాళంచెవి తిరిగింది. వాన చూసి షాపు తొందరగా కట్టేసి వచ్చాడాయన. గొడుగున్నా తల తడిసి నీళ్ళు కారుతున్నాయి. లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టి, తెరకేసి చూశాడు. చూసి, గొడుగు అలాగే చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు.

"ఎంతసేపయింది?" అన్నాడు.

"ఇప్పుడేనండీ. ఆవిడ తిరిగొస్తుందని రాసుంది. అందుకని..."

ఆయన గొడుగు నెమ్మదిగా గోడకి ఆనించాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, తడిసిన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"వచ్చేసిందే," అన్నాడు. "వచ్చి పదకొండు నెలలైంది."

ఆమెకి అర్థం కాలేదు. అర్థమయ్యేలా ఆయనే చెప్పాడు, షాపులో ఫ్రేముల గురించి చెప్పే గొంతుతోనే. పోయిన ఆగస్టు పదకొండున ఆమెకి కంపెనీ నుంచి ఇదే ప్రశ్న వచ్చింది. చేసి చూడందే రాయదుగదా, మధ్యాహ్నం ఒక పాయింటు పెట్టి, బయట మబ్బు చూసి దానికా పేరు తగిలించింది. వాన మొదలయ్యాక, మేడ మీద ఆరేసిన బట్టలకోసం పరిగెత్తింది. పాత ఇంటి మెట్లు నున్నటివి. ఆ రాత్రి ఇంట్లో జనం, ఏడుపులు. తొమ్మిదో నాడు అందరూ వెళ్ళిపోయాక, ఒంటరిగా ఈ కుర్చీలో కూర్చుంటే తెర మీద అదే పలక తెరిచి ఉంది, కిందిగడిలో అదే వరస ఉంది. నొక్కాడు. తెల్లారేలోగా సామాను కట్టి, ఎవరి కంటా పడకుండా ఆమెని తీసుకుని ఈ ఇంటికి వచ్చేశాడు. ఆమె కళ్ళు తెరిచి ఆయన్ని గుర్తుపట్టలేదు. అందుకే కొత్తగా వచ్చావని చెప్పాడు. మనిషైతే వచ్చింది గానీ నాలుకకి రుచి రాలేదు, కంటికి తడి రాలేదు. ఇంకోసారి నొక్కితే బాగవుతుందేమోనని మూడు గురువారాలు నొక్కాడు. నొక్కినప్పుడల్లా ఒక వేలు పోయింది.

ఆమె అంతా విన్నది. తన గురించే అని తెలుస్తోంది. పక్కింటి కబురు విన్నట్టుంది.

"మరి ఆ రోజు మెట్ల దగ్గర్నుంచి తీసుకెళ్ళింది ఎవర్నండీ?"

"నిన్నే. అక్క దగ్గరుండి అన్నీ చేసింది." ఒళ్ళో కళ్ళజోడు తిప్పుతూ అన్నాడు, "మంచిపనే చేశావులే. ఇక నావల్ల కూడా కాదు. ఇంక వెనక్కి పోయే దారి లేదు. ఉన్నట్టే ఉందాం."

ఏడుద్దామని చూసింది. రాలేదు. తెర మీద ఆమె రాస్తున్న పేజీ అలాగే ఉంది. ఆపేసుకుంటే జాగా మిగులుతుంది, అని రాయాలి. ఇంకేం రాయాలో తోచలేదు. తుడిపేసిన వాక్యం దగ్గర గీత మిణుకుమిణుకుమంటోంది. తీసేసినవి ఎక్కడికి పోతాయి?

అప్పుడు వినిపించింది.

కింద... మెట్ల మొదట్లో... కీచ్.

ఒక అడుగు చప్పుడు లేదు. తర్వాత మళ్ళీ... కీచ్.

ఎడమకాలు నిశ్శబ్దం. కుడికాలు కీచ్. తడిసిన రబ్బరు చెప్పు. తొందరేమీ లేదు ఆ నడకలో, అలవాటైన మెట్లు ఎక్కుతున్న నడక. మొదటి అంతస్తు దాటింది. రెండో అంతస్తులో పిల్లలు నవ్వలేదు. ఎవరూ తలుపు తీయలేదు. కీచ్... కీచ్...

ఆమె ఆయన వైపు చూసింది. ఆయనకీ వినిపిస్తోంది.

చప్పుడు మూడో అంతస్తుకి వచ్చింది. గుమ్మం ముందు ఆగింది. తలుపు కిందనుంచి సన్నటి నీటిచార ఒకటి లోపలికి పాకింది.

"ఏవండీ..." అంది బయటి గొంతు, నెమ్మదిగా. "తలుపు తీయండి. తడిసి ముద్దయిపోయాను."

ఆ గొంతు కొత్తమ్మాయిదే. కాకపోతే అందులో చలి ఉంది, విసుగు ఉంది, చిన్న నవ్వు కూడా ఉంది. ఆమె గొంతులో ఎప్పుడూ లేనివన్నీ ఉన్నాయి. ఆయన కళ్ళజోడు గబగబా తుడిచి పెట్టుకున్నాడు. ఆయన ముఖంలోకి ఆ గురువారాల ఆశ మళ్ళీ వచ్చింది. లేచాడు. రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, ఈమె వైపు తిరిగాడు.

"నువ్వు కాసేపు లోపలికెళ్ళు," అన్నాడు గుసగుసగా.

ఆమె వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందంటే, వెళ్ళమన్నాడు గనక. పడకగది తలుపు ఆయనే దగ్గరికి లాగాడు. అవతలి వైపు గొళ్ళెం పడింది. గదిలో దీపం లేదు. చీకట్లో నిలబడి వింది. వీధితలుపు తెరుచుకుంది. కీచ్, కీచ్, ముందుగది దాకా. బరువైనదేదో కిటికీలో పెట్టిన చప్పుడు, కుండీ. తర్వాత కడ్డీ మీద కర్టెన్ రింగులు ఒక్కొక్కటే జరుగుతున్న చప్పుడు. వంటింట్లో గిన్నె మూత తీసిన చప్పుడు.

కాసేపు ఏమీ లేదు. వాన కూడా తగ్గినట్టుంది. గోడ గడియారం టిక్కుమనడం ఎప్పుడు ఆగిందో ఆమె గమనించలేదు.

"అబ్బా, ఉప్పు రెండుసార్లు పడిందండీ ఇందులో," అంది ముందుగదిలో తన గొంతు, నవ్వుతూ. "ఎవరు వండారు?"

ఆయన ఏం జవాబు చెబుతాడా అని ఆమె తలుపుకి చెవి ఆనించింది. ఆనిందో లేదో తెలియలేదు. చేత్తో తడిమి చూసుకుంది. ఆ చేతికీ ఏమీ తగల్లేదు.